ఆ బొటనవేలు దగ్గర మొదలుపెట్టు

చి. మాధురికి,

నీ కథ అందింది. వియత్నాంలోని హోయ్ ఆన్‌లో హోటల్ కౌంటర్ దగ్గర వసుధ పాస్‌పోర్టు తెరిచి చూపిస్తూ, చివరి పేజీలో భర్త పేరున్న చోట బొటనవేలు అడ్డం పెట్టిందని రాశావు. అక్కడ ఆగిపోయాను. నువ్వు మాత్రం ఆగలేదు. మరుసటి వాక్యంలోనే ఆమెను గదిలోకి పంపి, బాల్కనీలో నిలబెట్టి, తూబోన్ నది మీద చుక్కలు చూపించావు. నాకు కోపం వచ్చింది. ఉత్తరం పొడుగైతే ఆ కోపమే కారణం.

విడాకులైన మనిషి దగ్గర ఆ పేరు ఇంకా ఎందుకుందో నీకు తెలిసి ఉండాలి. దాన్ని తీయించాలంటే కోర్టు ఇచ్చిన విడాకుల డిక్రీ కాపీ జతచేసి పాస్‌పోర్టు రీఇష్యూకి పెట్టుకోవాలి. 36 పేజీల పుస్తకానికి మామూలు ఫీజు 1,500 రూపాయలు. డబ్బు పెద్ద సమస్య కాదు. కొత్త పుస్తకం వస్తే నంబరు మారుతుంది, వియత్నాం ఈ-వీసా ఆ నంబరు మీదే ఇస్తారు. వసుధ అప్పటికే 25 డాలర్లు కట్టి వీసా తెచ్చుకుంది. డిక్రీ సర్టిఫైడ్ కాపీ చేతికి రాలేదు, టికెట్ల తేదీ దగ్గరపడింది. వెళ్లొచ్చాక మార్పించుకుందాంలే అనుకుంది. అలా ఆ పేరు కూడా ఆమెతో విమానం ఎక్కింది. ఇదంతా నీ కథలో నాలుగు వాక్యాలు చాలు. కానీ ఆ నాలుగూ లేకపోతే బొటనవేలు ఉత్త అలంకారం.

నేను గట్టిగా నమ్మే మాట ఒకటి చెబుతాను. మొదటిసారి ప్రేమించినప్పుడు మనిషి కళ్లు చూస్తుంది. రెండోసారి లెక్క చూస్తుంది. ఎదుటివాడు మాట ఇచ్చిన టైముకు వచ్చాడా, బిల్లు ఎలా కట్టాడు, చిల్లర ఎలా లెక్కపెట్టాడు, తన కాగితాలు అడక్కుండానే చూపించాడా? దీన్ని గడుసుతనం అనుకోకు. దెబ్బ తిన్న మనిషికి ప్రేమ ఆ దారినే వస్తుంది. రెండో ప్రేమ కథలో డబ్బు, కాగితం, కాలం తప్పకుండా కనిపించాలి. నీ కథలో వసుధ తొమ్మిది రోజుల్లో ఒక్కసారైనా పర్సు తెరవలేదు.

కాలం సంగతి ముందు చూడు. మార్చిలో విడిపోయారు, మే నెలలో పరస్పర అంగీకారంతో విడాకులు వచ్చాయన్నావు. అది కుదరదు. హిందూ వివాహ చట్టం 13బి ప్రకారం పిటిషన్ వేసేనాటికి కనీసం ఏడాది విడిగా ఉండాలి. వేశాక ఆరు నెలలు ఆగి, 18 నెలలు దాటకుండా ఇద్దరూ మళ్లీ జడ్జి ముందుకు రావాలి. ఆ ఆరు నెలల్ని కోర్టు మినహాయించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. అయితే పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నర ఎడబాటు గడిచిపోయి ఉండాలి, భరణం, పిల్లల సంగతి తేలిపోయి ఉండాలి. అంటే విమానం ఎక్కేనాటికి వసుధ ఏడాదిన్నరకు పైగా ఒంటరిగా వండుకుని తిన్న మనిషి. ఒంటరితనం ఆమెకు కొత్త కాదు, అలవాటు. అక్కడ కొత్తగా పరిచయమైన గణేశ్ ఆ అలవాటుకే అడ్డొస్తాడు. ఈ ఒక్కటి సరిదిద్దితే, హోటల్లో దిగిన రాత్రి బాల్కనీలో ఏడుపు దానంతటదే పోతుంది.

కోర్టు సీను ఎడిటర్లకు నచ్చదు. "పాఠకులకు బోరు, రెండు లైన్లలో తేల్చేయండి" అంటారు. ఏళ్లుగా ఇదే మాట వింటున్నాం. పోటీలకు పంపే కథల్లో ఊరట ఉండాలట, అదీ చివరి పేరాలో ఉండాలట. దాని మాయలో పడే నువ్వు ఊరి పేర్లు వరసపెట్టి రాశావు. హనోయ్, హ్యూ, దనాంగ్... ఊరు మారినంత మాత్రాన మనిషి మారినట్టు కాదు.

ఇప్పుడు డబ్బు. వియత్నాంలో 20,000 డాంగ్‌ల నోటూ నీలమే, 5,00,000 నోటూ నీలమే. రెండూ ప్లాస్టిక్ నోట్లే, రెండింటి మీదా హో చి మిన్ బొమ్మే. మొదటిది మన డబ్బులో వంద రూపాయల లోపు, రెండోది పదిహేను వందల పైమాటే. చీకటి పడ్డాక బండి దగ్గర కొత్తవాళ్లు ఒకదాని బదులు ఇంకొకటి ఇచ్చేస్తారు. చిన్న నోటు వెనక హోయ్ ఆన్ జపనీస్ వంతెన ఉంటుంది, అదే గుర్తు. మీ గణేశ్‌ను వంతెన మీద గులాబీతో నిలబెట్టావు. అది తీసెయ్. వసుధ పొరపాటున పెద్ద నోటు ఇస్తుంటే ఆమె చేతిని తాకకుండా, "వెనక వంతెన ఉందో లేదో చూసుకోండి" అనమను చాలు. ఆ రాత్రి గదిలో ఆమె పర్సులోని నోట్లన్నీ మంచం మీద పరిచి, వంతెన ఉన్నవీ లేనివీ వేరుచేస్తుంది.

కాఫీ సీనులో ఆ పదార్థమే నీకు దారి చూపించేది, నువ్వు చూడలేదు. "వేడి కాఫీ తెచ్చారు" అని వదిలేశావు. అక్కడ గాజు గ్లాసు అడుగున కండెన్స్‌డ్ మిల్క్ వేసి, గ్లాసు మీద ఫిన్ అనే చిన్న కాఫీ ఫిల్టర్ పెట్టి ఇస్తారు. చిల్లుల పళ్లెం, గిన్నె, పొడిని అదిమే చిల్లుల బిళ్ల, మూత, అంతే ఫిన్. సుమారు 20 గ్రాముల పొడి వేసి, ముందు కాస్త వేడినీళ్లు పోసి అరనిమిషం ఉబ్బనిచ్చి, తర్వాత నిండా పోస్తారు. చుక్క చుక్కగా దిగడానికి నాలుగైదు నిమిషాలు. బిళ్ల మరీ గట్టిగా అదిమితే చుక్క పడదు, పొడి బరకగా ఉంటే జారిపోయి నీళ్లకాఫీ అవుతుంది. ఇప్పుడు నీ ఇద్దరినీ ఆ ఫిన్‌ల ముందు కూర్చోబెట్టు. తాగడానికేం లేదు, లేచి వెళ్లడానికి లేదు. "మీవారు రాలేదా?" అని అతను అడగడానికీ, ఆమె జవాబు చెప్పడానికీ మధ్య ఎన్ని చుక్కలు పడ్డాయో రాయి. ఆమె ఫిన్‌లో చుక్క ఆగిపోతే ఇంకా మంచిది. అతను మూత తీసి బిళ్ల కాస్త వదులు చేస్తాడు.

మిగతా తప్పులు త్వరగా చెబుతాను. నవంబరు హోయ్ ఆన్‌లో వానలు, వరదల కాలం. నది ఒడ్డు వీధుల్లో పడవలు తిరిగిన రోజులున్నాయి. చుక్కలే కావాలంటే కథను మార్చికి జరుపు. దీపాల పండుగ పున్నమినాడు కాదు, అక్కడి చాంద్రమాసంలో పద్నాలుగో రాత్రి. వాళ్లు చూడబోయిన "మీ సన్" గుడులు బౌద్ధాలయం కాదమ్మా. ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చామ్ రాజుల శైవక్షేత్రం, నాలుగో శతాబ్దం చివర భద్రవర్మ భద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించిన చోటు. గుంటూరు పిల్ల అక్కడ పానవట్టం చూసి గుర్తుపట్టకుండా ఎలా ఉంటుంది?

గణేశ్‌ది మలేషియాలోని బగాన్ దాతో అన్నావు, మంచి ఎంపిక. కొబ్బరితోటల్లో పనికి వెళ్లిన తెలుగువాళ్ల సంతతి. మరి అతని నోట గుంటూరు కారం మాటలెందుకు? మలేషియా తెలుగువాళ్లలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ వైపు. వాక్యం చివర వాళ్ల "లా" ఒకటి చేర్చి చూడు.

ఇక ముగింపు. వారం తిరక్కుండా దనాంగ్‌లో పెళ్లి చేశావు. విదేశీ వివాహ చట్టం, 1969 ప్రకారం భారత దౌత్య కార్యాలయంలో చేసుకోవాలన్నా, నోటీసుకు ముందు ఒకరు అక్కడ 30 రోజులు ఉండాలి. ఆ తర్వాత నోటీసు కాలం వేరు. మలేషియా పాస్‌పోర్టుకు వీసా లేకుండా ఉండనిచ్చేదే 30 రోజులు. వాళ్లను ఇంటికి పంపు. గుంటూరులో ప్రత్యేక వివాహ చట్టం కింద దరఖాస్తు పెట్టించు. ఒకరు ఆ జిల్లాలో 30 రోజులు ఉండి ఉండాలి, నోటీసు మీద అభ్యంతరాలకు మరో 30 రోజులు, పెళ్లినాడు ముగ్గురు సాక్షులు. ఆ నోటీసులో పేరు పక్కన అవివాహితా, వితంతువా, విడాకులు పొందినవారా అని ఒక గడి ఉంటుంది. అందరికీ కనిపించేలా ఆఫీసులో అంటిస్తారు. అక్కడ బొటనవేలు అడ్డం పెట్టడానికి లేదు. వసుధ మేనమామ రిజిస్ట్రేషన్ పని మీద అదే ఆఫీసుకు వస్తే ఏమవుతుందో రాసి, ముందు ఆ ఒక్క సీను పంపు. కాఫీ సీను దాని తర్వాత చూస్తాను.

ఆశీస్సులతో,
మీ అత్తయ్యలాంటి దాన్ని