చేపల ట్రిప్పుకి వెళ్ళండి, 401కే జోలికి మాత్రం పోకండి

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. నాకు 36 ఏళ్ళు, హెచ్1బీ వీసా మీద ఉద్యోగం, జీతం లక్షా 45 వేల డాలర్లు. మా ఆవిడ ఉద్యోగం చేయడం లేదు. పిల్లలకు 9, 5 ఏళ్ళు. నెల ఖర్చు 6,400. బ్యాంకులో 9,000, రిటైర్మెంటు కోసం దాచే 401కే ఖాతాలో 62,000 ఉన్నాయి. ఇంట్లో ఉన్న కారు టొయోటా సియెన్నా. పిల్లల చదువులకు దాచుకునే 529 ప్లాన్ ఇప్పుడు మొదలెట్టాలా అన్నదీ ఒక సందేహం. చిన్నప్పుడు గోదావరి కాలువల్లో కొరమీనుకి గాలం వేసేవాణ్ణి. ఇక్కడికొచ్చాక ఆ సరదా బాస్ ఫిషింగ్ (బాస్ అనే మంచినీటి చేపల వేట) పిచ్చిగా మారింది. మార్చిలో పిల్లలకిచ్చే స్ప్రింగ్ బ్రేక్ సెలవులకి అందరం కలిసి టెక్సస్‌లోని లేక్ ఫోర్క్‌కి వెళ్ళాలా, ఫ్లోరిడాలోని ఒకీచోబీకి వెళ్ళాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఫ్లోరిడా అయితే ఓర్లాండో కూడా కలిపి 5,500 అవుతుంది. 401కే మీద 18,000 లోన్ తీసుకుంటే ట్రిప్పూ అవుతుంది, ఒక సెకండ్ హ్యాండ్ బాస్ బోటూ వస్తుంది. వడ్డీ తిరిగి నా ఖాతాకే వస్తుంది కదా, తప్పేముంది?

జవాబు: లేక్ ఫోర్క్‌కి వెళ్ళండి. మీరడిగిన దానికి జవాబు అంతే. మీ ఉత్తరానికి ఇంత చోటు ఇస్తున్నది మాత్రం ఆ చివరి వాక్యం కోసం. 'నా డబ్బే, నా వడ్డీయే' అన్న మాట ఈ మధ్య చాలామంది నోట వింటున్నాను. వీళ్ళలో ఎక్కువమంది హెచ్1బీ మీద ఉన్నవాళ్ళే. మరొకరికైతే ఇది కాస్త ఖరీదైన సరదాతో పోతుంది, మీకు అలా పోదు.

ఉద్యోగం పోతే హెచ్1బీ వాళ్ళకు ఉండే గడువు మహా అయితే 60 రోజులు. ఆ లోపు ఇంకో కంపెనీ మీ పేరు మీద పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా పెట్టే బేడా సర్దుకోవాలి. మీ బ్యాంకులో ఉన్న 9,000ని నెలకు 6,400 చొప్పున లెక్కేస్తే 42 రోజులు వస్తుంది. వీసా గడువు కంటే ముందే మీ డబ్బు అయిపోతుందన్నమాట! అదీ ఖర్చులు ఇలాగే ఉంటేనే. ఉద్యోగంతో పాటు కంపెనీ ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ కూడా పోతుంది. కోబ్రా అనే చట్టం కింద దాన్ని కొనసాగించుకోవచ్చు, కానీ ఇన్నాళ్ళూ కంపెనీ కడుతున్న వాటా కూడా మీరే కట్టాలి, పైన 2 శాతం దాకా ఛార్జీ. నలుగురికి నెలకు 2,000 డాలర్ల దాకా అవుతుందనుకోండి, 42 రోజులు కాస్తా నెల రోజులకు దిగుతాయి. ఇందులో ఇంకా అద్దె అగ్రిమెంటు మధ్యలో తెంచుకున్నందుకు పెనాల్టీ కలపలేదు. నలుగురికి ఇండియాకి టికెట్లూ కలపలేదు. ఊళ్ళో అమ్మానాన్నల్లో ఎవరికైనా బాగోలేదని అర్ధరాత్రి ఫోనొస్తే కొనే టికెట్ సంగతి సరేసరి.

ఇప్పుడు ఈ పరిస్థితికి మీ లోన్ కలిపి చూడండి. ఉద్యోగంలో ఉన్నంతకాలం కిస్తీ జీతంలోంచి కోసుకుంటారు, తెలియకుండానే తీరిపోతుంది. ఉద్యోగం పోయిందంటే మిగిలిన బాకీ మొత్తాన్ని ఆ ఏడాది పన్ను రిటర్ను గడువులోగా, అంటే మరుసటి ఏప్రిల్ లోపు, ఎక్స్‌టెన్షన్ తీసుకుంటే అక్టోబరు లోపు సర్దుబాటు చేయాలి. చేయలేకపోతే ఆ బాకీని మీ ఆదాయంగా లెక్కేస్తారు. 22 శాతం శ్లాబు అనుకుంటే ఆ పన్ను, దానికి తోడు బాకీ మీద 10 శాతం పెనాల్టీ. పూర్తి 18,000 మీద చూస్తే 5,760 డాలర్లు. చేతిలో జీతం లేని రోజుల్లో ఇది ఎక్కణ్ణుంచి తెస్తారు? క్రెడిట్ కార్డు మీద 20 శాతం పైన వడ్డీకి. మీ దగ్గరకు తిరిగొస్తుందని మురిసిపోయిన ఆ వడ్డీ దీని ముందు ఏ మూలకి?

ఇక బోటు. మీ ఇంటి కారు టొయోటా సియెన్నా అని రాశారు. అది లాగగలిగేది 3,500 పౌండ్లు. 150 హార్స్‌పవర్ ఇంజిన్ ఉన్న ఫైబర్‌గ్లాస్ బోటుని, ట్రెయిలర్‌ని, నిండా పోసిన పెట్రోలుని, బ్యాటరీలని కలిపి తూకం వేస్తే ఆ హద్దుకి అటూ ఇటూగా తేలుతుంది. అది దాటాక బోటుని నీళ్ళలోకి దింపే ర్యాంపు మీద తడి కాంక్రీటులో బోటుని పైకి లాగడం మీరు చేయాల్సిన పని కాదు. కాబట్టి బోటు కొన్న ఆరు నెలలకే 'ఒక ట్రక్ తీసుకుందామనుకుంటున్నాను, లోన్ ఏది మంచిది' అని మళ్ళీ నాకు రాస్తారు. పైగా ఫ్రిస్కోలో చాలా కాలనీల హెచ్‌ఓఏలు (ఇళ్ళ యజమానుల సంఘాలు) బోటుని వాకిట్లో పెట్టనివ్వవు. స్టోరేజీకి నెలనెలా అద్దె, బోటుకి ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్. ఏడాదికి ఎన్ని వారాంతాలు నీళ్ళలో దింపుతారో మీ ఆవిడని అడగండి, ఆవిడ లెక్కే సరైనది.

మీ 9,000ని ఆరు నెలల ఖర్చు, అంటే 38,400 చేసేదాకా నాకు బోటు మాట చెప్పకండి. ఎక్కువ వడ్డీ ఇచ్చే హై ఈల్డ్ సేవింగ్స్ ఖాతాలో పెట్టుకోండి, స్టాకుల్లో వద్దు. జీతంలోంచి నెలకు 1,500 నేరుగా అందులోకి మళ్ళించండి. కంపెనీ మ్యాచింగ్ ఇచ్చే మేరకు, అంటే మీరు వేసినదానికి జతగా కంపెనీ కూడా వేసే మేరకు మాత్రం 401కేలో వేస్తూ ఉండండి, అంతకు మించి వేస్తున్నదేదైనా ఉంటే కొన్నాళ్ళు ఇటు తిప్పండి. 529 ప్లాన్ గురించి కూడా అడిగారు. తర్వాత చూద్దాం.

ట్రిప్ మానేయమని నేను అనను. ఒకీచోబీ 730 చదరపు మైళ్ళ చెరువు. గాలి లేస్తే అయిదేళ్ళ పాపతో అక్కడ చేసేదేమీ ఉండదు, ఓర్లాండో నుంచి రానూపోనూ డ్రైవింగ్‌తోనే సగం రోజు గడిచిపోతుంది. ఎప్పుడైనా డిస్నీకి వెళ్తే పక్కనే కిస్సిమ్మీలో లేక్ టోహో ఉంది, ఓ పూట అక్కడ వేయండి గాలం. లేక్ ఫోర్క్ మీ ఇంటి నుంచి రెండు గంటల దూరం. దాదాపు 27 వేల ఎకరాల నీళ్ళు. టెక్సస్ లార్జ్‌మౌత్ బాస్ రికార్డు, 18.18 పౌండ్లది, 1992 జనవరిలో అక్కడే పడింది, ఇప్పటికీ ఎవరూ దాటలేదు. స్ప్రింగ్ బ్రేక్ నాటికి బాస్ గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి దగ్గరగా లోతు తక్కువ నీళ్ళలోకి వస్తాయి కాబట్టి పిల్లలకు కూడా చేప తగిలే కాలం అదే.

విమానం టికెట్లు లేవు. రెండు రాత్రులు క్యాబిన్, ఒక పూట గైడ్, తిండి, పెట్రోలు కలిపి 1,200 లోపు ముగించవచ్చు. ఇదొక్కటీ నెల మిగులులోంచి పెట్టుకోండి, కార్డు మీద వద్దు. గైడ్‌ని మాట్లాడేటప్పుడు జాగ్రత్త: బాస్ బోట్లలో మామూలుగా ఇద్దర్నే ఎక్కించుకుంటారు. పొద్దున మీరూ పెద్దాడూ వెళ్ళండి, సాయంత్రం నలుగురూ ఒడ్డునే కూర్చోండి. చేపలు పట్టే లైసెన్సు పెద్దవాళ్ళకే, 17 ఏళ్ళ లోపు పిల్లలకు అక్కర్లేదు. టెక్సస్ స్టేట్ పార్కుల్లో ఒడ్డు నుంచి పట్టుకుంటే పెద్దవాళ్ళకూ అక్కర్లేదు, కొన్ని పార్కుల్లో గాలం రాడ్లు కూడా ఉచితంగా అరువిస్తారు. కొత్త రాడ్లు కొనే ముందు అది కనుక్కోండి. అన్నట్టు లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య పడిన బాస్‌ని తిరిగి నీళ్ళలో వదిలేయాల్సిందే. పులుసు మీద ఆశ ఉంటే చిన్నవాటితో సరిపెట్టుకోండి.

ఒక్క సంగతి మీరు రాయనే లేదు, లైఫ్ ఇన్సూరెన్స్. కంపెనీ ఇస్తున్నది జీతానికి ఒకటి రెండు రెట్లు ఉంటుంది, అదీ ఉద్యోగంతోనే పోతుంది. ఒక్కరి జీతం మీద నలుగురు బతుకుతున్న ఇల్లు మీది. 20 ఏళ్ళకు పది లక్షల డాలర్ల టర్మ్ పాలసీ సొంతంగా తీసుకోండి. మీ వయసులో ఆరోగ్యం బాగుంటే నెలకు 50, 60 డాలర్ల చుట్టూ అవుతుంది, మీరు బోటు స్టోరేజీకి కట్టబోయే దానికంటే తక్కువ. వీసా మీద ఉన్నవాళ్ళకు కొన్ని కంపెనీలు అదనంగా కాగితాలు అడుగుతాయి, మెడికల్ పరీక్షకు కూడా టైమ్ పడుతుంది. క్యాబిన్ బుక్ చేసే వారంలోనే ఈ అప్లికేషన్ కూడా పెట్టేయండి.