పద్నాలుగు సిస్టమ్‌లకే ఇరవై ఎలా నిండాయి?

ప్రశ్న: చీమకుర్తిలో మాది గ్రానైట్ పాలిషింగ్ యూనిట్. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పాత ఫాక్స్‌ప్రో డేటాబేస్‌ది. డేటా విండోస్ 10 ప్రో సర్వర్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లో ఉంది. ఉన్నవి పద్నాలుగు సిస్టమ్‌లే. అయినా కాటా గదిలోని పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్‌లో 'ఇక కనెక్షన్లు కుదరవు' అని వస్తోంది. సర్వర్ రీస్టార్ట్ చేస్తే పోతుంది, మర్నాడు మళ్లీ మామూలే.

జవాబు: మీరు సర్వర్ అంటున్నది సర్వర్ కాదండీ. విండోస్ 10, 11 మామూలు వెర్షన్లు ఒకేసారి 20 కనెక్షన్లకు మించి తీసుకోవు. షేరింగ్ సెట్టింగ్స్‌లో ఆ అంకె పెంచబోయినా పెరగదు.

కంప్యూటర్ మేనేజ్‌మెంట్, షేర్డ్ ఫోల్డర్స్, సెషన్స్ తెరిచి చూడండి. స్కాన్ కాపీలు ఫోల్డర్లో పడేసే ప్రింటర్, మేనేజర్ల ఫోన్లు, బ్యాకప్ పెట్టే సీసీ కెమెరా రికార్డర్ అన్నీ తలా ఒక సీటు పట్టుకుని కూర్చుని ఉంటాయి. ఓపెన్ ఫైల్స్ సున్నా ఉన్నవాటినే రైట్ క్లిక్‌తో మూయండి. బిల్లు కొడుతున్న సెషన్ తెంపితే బిల్లులను వెతికిపెట్టే ఇండెక్స్ ఫైలు పాడై స్టాకు లెక్క తేడా కొట్టొచ్చు.

ఖాళీ సెషన్‌ను విండోస్ 15 నిమిషాలకు గానీ వదలదు. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో 'నెట్ కాన్ఫిగ్ సర్వర్ స్లాష్ ఆటోడిస్‌కనెక్ట్ కోలన్ 5' అని కొడితే 5 నిమిషాలకే వదులుతుంది. ఆ 5 బదులు మైనస్ 1 పెట్టమనే సలహా వినకండి. అలా పెడితే అసలే వదలదు.

నన్ను భయపెట్టింది మాత్రం ఆ ఎక్స్‌పీ. ఫోల్డర్లు పంచుకోవడానికి సిస్టమ్‌లు మాట్లాడుకునే భాషల్లో పాతదైన ఎస్‌ఎంబీ 1 తప్ప దానికి మరోటి రాదు. 2017 చివరి నుంచి వచ్చిన విండోస్ 10లో అది ముందే ఆన్‌లో ఉండదు. అంటే బహుశా ఎవరో పనిగట్టుకుని ఆన్ చేసిపోయి ఉంటారు, ఫోల్డర్‌కు 'ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్' కూడా ఇచ్చే ఉంటారు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వాన్నాక్రై వైరస్ పాకింది ఈ దారినే, మార్చిలోనే దాన్ని ఆపే ప్యాచ్ (అప్‌డేట్) వచ్చినా వేసుకోనివాళ్ల మీద. పైగా విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఏటా మెయింటెనెన్స్ డబ్బులు గుంజుతూ 'రీస్టార్ట్ చేయండి సార్' అనేవాళ్లకు ఇవేవీ పట్టవు. వైరస్ ఉన్న ఒక్క పెన్‌డ్రైవ్ చాలు, పదేళ్ల బిల్లులు తాళం పడిపోతాయి.

కాటా ఇండికేటర్ సీరియల్ కేబుల్‌కు యూఎస్‌బీ కన్వర్టర్ తగిలించి కొత్త సిస్టమ్‌కు కలపండి. ఎక్స్‌పీ తీసేసిన రోజే ఎస్‌ఎంబీ 1 ఆపేయండి. రౌటర్‌లో ఈ ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్ట్ బయటి ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే అది ఈరోజే మూయాలి. సిస్టమ్‌లు ఇంకా పెరిగేట్టుంటే డేటాను నాస్ బాక్స్‌కు (నెట్‌వర్క్‌కు తగిలించే ప్రత్యేక స్టోరేజ్ పెట్టెకు) మార్చండి, దానికి ఈ ఇరవై గోల లేదు. మార్చేముందు డేటా కాపీ మీద ఒకే బిల్లును రెండు సిస్టమ్‌లలో తెరిచి చూడండి. రెండోదానికి లాక్ మెసేజ్ రాకుండా రెండూ సేవ్ అయ్యాయంటే ఆ బాక్స్ మీకు పనికిరాదు.