రాకెట్ పక్కకు వంగిపోతుంది కదా, మరి చంద్రుడి దాకా ఎట్లా పోతుంది?

మిర్యాలగూడ తమ్ముడి డౌట్ ఇది: వీడియోల్లో రాకెట్ కాసేపటికే సముద్రం వైపు వంగుతుంది, ఇక మనుషులు చంద్రుడి మీద దిగారంటే ఎట్లా నమ్మాలి?

వంగకపోతేనే పోలేదు తమ్ముడూ. నిట్టనిలువుగా 200 కిలోమీటర్లు లేచినా, పక్క వేగం లేకపోతే ఇంజన్ ఆగాక కిందికే పడుతుంది. నల్గొండ లతీఫ్ సాబ్ గుట్ట మీది నుంచి రాయి ఎంత గట్టిగా విసిరితే అంత దూరం పోయి పడుతుంది కదా, గాలి లేని ఎత్తులో దాన్నే సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా విసిరితే పడుతూనే ఉంటుంది కానీ నేల తగలదు, ఎందుకంటే కింద భూమి కూడా అంతే వంగుతూ పోతుంది. కక్ష్య అంటే అదే. తూర్పుకు పంపితే భూమి తిరిగే వేగం కూడా కలిసొస్తుంది, రాలిన భాగాలు సముద్రంలో పడతాయి.

మనుషులను మొదటిసారి చంద్రుడి మీద దింపిన అమెరికా యాత్ర అపోలో 11 కూడా 1969 జూలై 16న లేచి, ముందు భూమి చుట్టూ ఒకటిన్నర చుట్లు తిరిగి, మళ్లీ ఇంజన్ మండించి వేగం సెకనుకు 10.8 కిలోమీటర్లకు పెంచుకుని, మూడు రోజుల తర్వాత చంద్రుడు ఎక్కడుంటాడో అటు గురిపెట్టి పోయింది. మన చంద్రయాన్-3 రాకెట్ చిన్నది, అందుకే కక్ష్యను కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయి, దిగేసరికి 40 రోజులు పట్టింది.

నమ్మకం సంగతికొస్తే, అపోలో వాళ్లు చంద్రుడి మీద పెట్టిన అద్దాల మీద ఇప్పటికీ లేజర్ కొట్టి దూరం కొలుస్తున్నారు. అమెరికా మాట వద్దంటే, మన చంద్రయాన్-2 కెమెరా తీసిన ఫోటోల్లో అపోలో 11 దిగిన చోటే కనిపిస్తుంది, వెతికి చూడు.