నైమేగెన్ నాలుగు రోజుల నడకకు మన వరంగల్ నుంచి పోవచ్చా?

అడిగినవారి ప్రశ్నలు మూడు: నెదర్లాండ్స్‌లోని నైమేగెన్‌లో జరిగే నాలుగు రోజుల నడకకు వయసు మళ్ళినవాళ్ళు పోవచ్చా, వరంగల్‌లో ఉండి ప్రాక్టీస్ ఎట్లా చేయాలి, ఏ బూట్లు కొనాలి. 2018 జులైలో, 61 ఏళ్ళ వయసులో నేను పోయి నడిచి వచ్చాను. పోవచ్చు. బూట్ల సంగతి చివర చెప్తా. అందరూ బూట్ల కోసం వేలకు వేలు తగలేస్తారు, పని చెడేది సాక్సుల దగ్గర.

మాది హన్మకొండ. బ్యాంకులో చేసి రిటైరయ్యాను. బిడ్డ, అల్లుడు నెదర్లాండ్స్‌లోనే ఐంధోవెన్ ఊళ్ళో ఉంటారు. "రోజూ భద్రకాళి బండ్ మీద నడుస్తవు కద బాపూ, ఇక్కడికొచ్చి నడువు" అని నా పేరు తనే ఇచ్చేసింది. 1909 నుంచి జరుగుతున్న నడక అది. ఏటా జులై మూడో మంగళవారం మొదలై శుక్రవారంతో ముగుస్తుంది. నేను పోయినప్పటి రూల్ ప్రకారం వయసులో ఉన్న మగవాళ్ళు రోజుకు 50 కిలోమీటర్లు నడవాలి, అరవై దాటిన నాకు 30. అంటే నాలుగు రోజులకు 120. పోటీ కాదు, ఫస్టు, సెకండు ఉండవు. మా కాలనీలో ఒకాయన ఇప్పటికీ "ప్రైజ్ మనీ ఎంతొచ్చింది సార్?" అంటాడు. ఫీజు మనమే కట్టాలయ్యా అంటే నమ్మడు. ఒక్క రోజు తప్పినా ఆటలోంచి అవుటే. నాలుగు రోజులూ పూర్తి చేస్తే చిన్న శిలువ ఆకారపు పతకం ఇస్తారు.

నిజం చెప్పాలంటే నాకు ధీమా ఎక్కువైంది. మా తాత ఎడ్లబండి వెనకాల మేడారం దాకా నడిచినోడు. నేను కూడా ఆ ఏడాది జనవరి 31న జాతర మొదలైనప్పుడు ములుగు దాటాక బస్సు దిగి కొంత దూరం నడిచాను. దానికే నడక మా రక్తంలో ఉందనుకున్నా. ఆ తర్వాత రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో చుట్లు, ఆదివారం ములుగు రోడ్డు మీద ఎంత దూరం పోతే అంత దూరం. మే నెలలో ఆరున్నర దాటితే ఎండ చంపుతుంది కాబట్టి చీకట్లో తప్ప వీలు కాదు. చీకట్లో కుక్కలు. వెలుతురులో ఫుట్‌పాత్‌లు, అంటే లేని ఫుట్‌పాత్‌లు. హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా రోడ్డు మీద కాలు పెట్టకుండా ఫుట్‌పాత్ మీదే నడిచి చూపించండి, నా పతకం మీకే ఇస్తా. టైల్స్ వేస్తారు, టైల్స్ మీద టిఫిన్ బండి, దాని పక్కన ట్రాన్స్‌ఫార్మర్, దానికి ఆనించి నాలుగు బైకులు. ఇంకెట్లా నడుస్తారు? పైగా షుగర్ వచ్చిన ప్రతివాడికీ నడవమని చెప్తారు.

సరే, నైమేగెన్. నలభై వేల మందికి పైగా నడుస్తారు. మొదటి రోజు వాల్ నది బ్రిడ్జి దాటి ఎల్స్ట్ వైపు. దారి పొడుగునా జనం ఇళ్ళ ముందు కుర్చీలు వేసుకొని, బ్యాండు పెట్టి, దోసకాయ ముక్కలు, తీపి బిళ్ళలు చేతుల్లో పెడుతుంటారు. జాతర దారిలో నీళ్ళు, మజ్జిగ పోసినట్టే. రెండో రోజు బుధవారం ఊరంతా గులాబీ రంగు వేసుకుంటుంది, స్వలింగ ప్రేమికులకు మద్దతుగా. గులాబీ టోపీలు, గులాబీ కండువాలు చూసి నాకు మాత్రం మన దగ్గర బహిరంగ సభే గుర్తొచ్చింది, నాయకుడెక్కడా అని వెతుక్కున్నా.

నా కొంప మునిగింది ఆ రోజే. పిల్లలు పైపులతో నీళ్ళు చల్లుతుంటే, హాయిగా ఉందని హోలీ ఆడినట్టు పోయి వాటి కింద నిలబడ్డా. బూట్లలోకి నీళ్ళు దిగాయి. నా సాక్సులు మందపాటి కాటన్‌వి, అవి ఆరవు. తడికి మెత్తబడ్డ చర్మం ఇరవై కిలోమీటర్లు రాసుకుంటే ఏమవుతుందో సాయంత్రం చూశా: ఎడమ మడమ మీద రూపాయి బిళ్ళంత పొక్కు, పాదం కింద ఇంకోటి.

బిడ్డ, నేను ఆ వారానికి ఒక పెద్దామె ఇంట్లో గది తీసుకొని ఉన్నాం. డెబ్బై దాటి ఉంటాయి. తను కూడా ఒకప్పుడు చాలాసార్లు నడిచిందట. నా కుంటుడు చూసి ఏమీ అడగకుండా స్టూలు తెచ్చి వేసుకొని, ఒళ్ళో తువ్వాలు పరచుకొని, కాలు పెట్టమంది. నేను లటుక్కున కాలు వెనక్కి లాక్కున్నా. పెద్దావిడ నా కాళ్ళు పట్టుకోవడమేంటి, పాపం తగలదా? "వద్దమ్మా" అని తెలుగులోనే అన్నా. ఆమె డచ్చిలో గట్టిగా ఏదో తిట్టింది. "నఖరాలు చేయకు, కాలియ్యి బాపూ" అంది బిడ్డ. ఇచ్చాను. స్పిరిట్‌తో తుడిచిన సూదితో పొక్కు అంచున రెండు చోట్ల గుచ్చి, నీరు పిండి, అయోడిన్ పూసింది. తర్వాత సన్నటి టేపు ముక్కలు, గూనపెంకలు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి సగం ఎక్కిస్తూ, ఎక్కడా ముడత పడకుండా అంటించింది. అరగంట పట్టింది. ఆ అరగంట ఎటు చూడాలో తెలియక గోడ మీది గడియారం చూస్తూ కూర్చున్నా. నేను తీసుకుపోయిన సకినాలు ఇస్తే, తినేవే అని నమ్మడానికి ఆమెకు కాస్త టైం పట్టింది. షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం ఈ సూది వైద్యం జోలికి పోవద్దు, డాక్టర్ దగ్గరికే పోండి.

గురువారం కాలి మీద సన్న సాక్సు, దాని పైన ఉన్ని సాక్సు, రెండూ ఆమె ఇచ్చినవే. రాపిడి రెండు సాక్సుల మధ్య పోతుంది, చర్మం దాకా రాదు. ఆ రోజు గ్రూస్‌బేక్ దగ్గర ఏడు గుట్టల రోడ్డు ఎక్కాలి. గుట్టలంటే భయపడకండి, మన పద్మాక్షి గుట్ట ముందు అవి గుట్టలే కావు. కానీ అక్కడ రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన రెండు వేల మందికి పైగా కెనడా సైనికుల సమాధులున్నాయి. పది కిలోల బరువు మోస్తూ నడిచే సైనికులు అక్కడ ఆగి సెల్యూట్ చేస్తారు. అంతసేపూ బ్యాండుకు ఊగిన నా పక్కవాళ్ళు కూడా గప్‌చుప్. శుక్రవారం చివరి రోడ్డులో గ్లాడియోలస్ పూల గుత్తులు చేతుల్లో కుక్కుతారు. మన పెళ్ళిళ్ళ బొకేల్లో ఉండేవే.

ఎండ మనకో లెక్కా అనుకోవద్దు. 2006లో మొదటి రోజు ఎండకు ఇద్దరు చనిపోతే మిగతా మూడు రోజులూ రద్దు చేశారు.

ఇక బూట్లు. సాయంత్రం, కాళ్ళు కాస్త ఉబ్బినప్పుడు, రెండు సాక్సులు వేసుకొని పోయి కొలుచుకోండి. వేళ్ళ ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. నాకు ఇక్కడ ఒక షాపువాడు "రెండు రోజులేస్తే లూజవుతయి సార్" అని బిగుతు జత అంటగట్టాడు. కుడి బొటనవేలి గోరు నల్లబడి, దసరా నాడు జమ్మి దగ్గర చెప్పులు విడుస్తుంటే ఊడి వచ్చింది. ఇంటికి ఎవరొచ్చినా నేను పతకం చూపిస్తుంటే, మా ఇంటామె ఆ వేలు చూపించేది.