హృదయంలో ప్రేమ కదలనప్పుడు: ఒక యువ విశ్వాసికి లేఖ

క్రీస్తునందు ప్రియమైన కుమారునికి,

ప్రభువు నామమున శుభాలు. నీ ఉత్తరం అందింది. సంఘంలో రోగులను పరామర్శించే పరిచర్య నీకు అప్పగించారని, అయితే వారి మంచాల పక్కన నిలబడినప్పుడు నీ హృదయంలో ప్రేమ అనదగినదేదీ కదలడం లేదని, అటువంటప్పుడు ప్రేమగా మాట్లాడడం వేషధారణ అవుతుందేమోనని భయంగా ఉందని రాశావు. ప్రేమను తేలికగా తీసుకునేవారికి ఈ భయం కలగదు కనుక, నీకు కలిగినందుకు సంతోషిస్తున్నాను. అయినా ఆ భయంతో పరిచర్య మానుకోవద్దని చెప్పడానికే ఇంత వివరంగా రాస్తున్నాను.

పొరుగువానిని నీవలె ప్రేమించమన్న ఆజ్ఞ మొదట కనిపించేది లేవీయకాండము 19వ అధ్యాయంలో. ఆ ఒక్క వచనాన్ని మనం కంఠస్థం చేస్తాం గాని దాని ముందున్నవాటిని అంత శ్రద్ధగా చదవం. పంట కోసేటప్పుడు పొలం అంచులు బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలని, కూలివాని కూలిని మరునాటి ఉదయం వరకు దగ్గర ఉంచుకోకూడదని, చెవిటివానిని తిట్టకూడదని, గుడ్డివాని దారిలో అడ్డం వేయకూడదని, తీర్పు చెప్పేటప్పుడు బీదవాడని గాని గొప్పవాడని గాని పక్షపాతం చూపకూడదని, సహోదరుని మీద లోలోపల ద్వేషం పెంచుకోకూడదని వరుసగా చెప్పిన తరువాతనే 18వ వచనంలో ఆ ఆజ్ఞ వస్తుంది. మరి కొన్ని వచనాల తరువాత, పరదేశిని కూడా అలాగే ప్రేమించాలని, ఐగుప్తులో మీరూ పరదేశులుగా బ్రతికినవారే కదా అని గుర్తుచేస్తుంది. వీటిలో చాలామట్టుకు చేతికి, నోటికి, డబ్బుకు సంబంధించిన నడవడే తప్ప మనసు ఉప్పొంగడం గురించిన మాట లేదు. మనుష్యుల మెప్పు కోసం ధర్మం చేసేవారిని ప్రభువు వేషధారులన్నాడు గాని, ఎదుటివాని మేలు కోరి, మనసు పొడిగా ఉన్నా అడుగు ముందుకు వేసినవానిని ఎక్కడా ఆ మాట అనలేదు. కనుక నీవు వెళ్లు. అనేకుల విషయంలో నేను చూసినది ఏమంటే, మమకారం పనికంటే ముందు రాదు, పని చేస్తూ ఉండగా దాని వెనుక వస్తుంది.

మంచి సమరయుని ఉపమానాన్ని లూకా సువార్త 10వ అధ్యాయంలో ఈసారి అతడు చేసిన పనులను మాత్రమే చూస్తూ చదువు. దొంగల చేతిలో గాయపడి దారిలో పడి ఉన్నవాని దగ్గరకు వెళ్లాడు, నూనెయు ద్రాక్షారసమును పోసి గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, సత్రానికి తీసుకువెళ్లి పరామర్శించాడు. మరునాడు సత్రపువానికి రెండు దేనారములు ఇచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. ద్రాక్షతోట పనివారి ఉపమానాన్ని బట్టి దేనారము ఒక దినపు కూలి, అంటే రెండు దినాల సంపాదన అతడు ముక్కూ మొగమూ తెలియని వాని మీద పెట్టాడు. ఇందులో నేను నీకు ప్రత్యేకంగా చూపించదలచినది మరొకటి ఉంది. సమరయుడు తన ప్రయాణాన్ని మానుకోలేదు. గాయపడినవానిని నమ్మకంగా ఒకరికి అప్పగించి, తిరిగి వస్తానని మాట ఇచ్చి, తన దారిన వెళ్లాడు. ప్రతి భారాన్నీ ఒంటరిగా మోయాలని పూనుకున్న యువకులు కొద్దికాలానికే అలసిపోయి, ఆ అలసటను దేవుని మీద కోపంగా మార్చుకోవడం నేను చూశాను. నీవు మోయగలిగినది మోయి, మిగిలినదానికి తోడు వెతుకు. కాని తిరిగి వస్తానని చెప్పినచోటికి తప్పక తిరిగి వెళ్లు, ఎందుకంటే మంచాన పడినవానికి ఎదురుచూడడం తప్ప వేరే పని ఉండదు.

ఇక రోగి దగ్గర ఏమి మాట్లాడాలని అడిగావు. ముందుగా, తక్కువ మాట్లాడు. పిల్లలనూ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరకు అతని స్నేహితులు వచ్చినప్పుడు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితోపాటు నేలమీద మౌనంగా కూర్చున్నారు. వారు చేసినదంతటిలో శ్రేష్ఠమైనది అదే. వారు నోరు తెరిచి, నీకు ఈ శ్రమ ఎందుకు వచ్చిందో మేము చెబుతామని మొదలుపెట్టిన తరువాతనే ఆదరణ కాస్తా నేరారోపణ అయింది, చివరికి దేవుడే వారిని గద్దించవలసి వచ్చింది. కనుక ఎవరి వ్యాధికీ నీవు కారణం చెప్పవద్దు, నీ విశ్వాసం సరిగా లేదేమో అన్న మాట నీ నోట రానేకూడదు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడి మరణం కోరుకున్నప్పుడు దూత అతనికి ఉపదేశం చేయలేదు. లేచి భోజనం చేయమన్నాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, రెండవమారు వచ్చి లేపి, ప్రయాణం నీ శక్తికి మించినది గనుక మళ్లీ తినమన్నాడు. దేవుడు అతనితో మాట్లాడినది అతడు హోరేబు కొండకు చేరిన తరువాత. ఏమి చేయాలో నీవే ఊహించుకోవద్దు, అడుగు. గుడ్డివాడైన బర్తిమయి ఎదుట నిలబడినప్పుడు అతని అవసరం కంటికి కనబడుతూనే ఉన్నా, నేను నీకేమి చేయగోరుచున్నావని ప్రభువు అడిగాడు. ఒకరికి ప్రార్థన కావలసి ఉంటుంది, మరొకరికి మందుల చీటీ చదివి వినిపించేవారు కావలసి ఉంటుంది, ఇంకొకరికి తన భార్య కాసేపు నిద్రపోయేలా గంటసేపు అక్కడ కూర్చునేవారు కావలసి ఉంటుంది. ప్రార్థన చేయవలసి వస్తే అనుమతి అడిగి, చిన్నదిగా చెయ్యి.

విశ్వాసం లేనివారి ఇంటికి వెళ్లినప్పుడు మరింత జాగ్రత్త అవసరం. సహాయాన్ని ఎరగా వాడవద్దు. ప్రభువు బాగుచేసిన పదిమంది కుష్ఠరోగులలో తొమ్మిదిమంది కృతజ్ఞత చెప్పడానికైనా తిరిగి రాలేదు, అయినా ప్రభువు వారి స్వస్థతను వెనక్కి తీసుకోలేదు. 361 నుండి 363 వరకు రోమును పాలించి, క్రైస్తవ విశ్వాసాన్ని విడిచి పాత దేవతల ఆరాధనను పునరుద్ధరించబోయిన జూలియన్ చక్రవర్తి పేరిట మనకు చేరిన ఒక లేఖలో, ఈ గలిలయులు (క్రైస్తవులను అతడు అలా పిలిచేవాడు) తమ బీదలనే గాక మన బీదలను కూడా పోషిస్తున్నారన్న ఫిర్యాదు కనిపిస్తుంది. సంఘానికి బయటినుండి దొరికిన సాక్ష్యాలలో దీనికంటే గౌరవమైనది నాకు తెలియదు. నీవు ఎవరికేమి ఇచ్చావో సాక్ష్యాల సమయంలో చెప్పవద్దు, ఫోటో తీయవద్దు. పుచ్చుకున్నవాడు రేపు నలుగురిలో తలెత్తుకుని తిరగవలసినవాడు.

నిన్ను బాధించేవారిని ప్రేమించడమంటే వారి చేతికి మళ్లీ చిక్కడం కాదని కూడా తెలుసుకో. సౌలు రాజు ఈటె విసిరినప్పుడు దావీదు తప్పించుకుని పారిపోయాడు. అదే సౌలు గుహలో తన చేతికి చిక్కినప్పుడు వస్త్రపు చెంగు మాత్రమే కోసి, ప్రాణం తీయక విడిచిపెట్టాడు. ఆ రెండూ తగినవే. హింస ఉన్నచోట దూరంగా ఉండి, ఆ దూరంనుండే వారి మేలు కోసం ప్రార్థించడం పిరికితనం కాదు.

చివరిగా నీ ఇంటి సంగతి. తల్లిదండ్రులకు ఇవ్వవలసినదానిని కొర్బాను, అంటే దేవార్పితం, అని చెప్పి దేవునికి అర్పించి, వారిని పట్టించుకోకుండా ఉన్నవారిని ప్రభువు ఎంత కఠినంగా మందలించాడో మార్కు 7వ అధ్యాయంలో ఉంది. పరిచర్య పేరుతో మనమూ అదే చేయగలం. నీ అన్నగారితో మాటలు లేవని ఒక్క వాక్యం రాసి, వెంటనే వేరే విషయానికి వెళ్లిపోయావు. బలిపీఠం దగ్గర నీ సహోదరునికి నీ మీద విరోధం ఉందని జ్ఞాపకం వస్తే, అర్పణ అక్కడే విడిచి మొదట వెళ్లి సమాధానపడమన్నాడు ప్రభువు. ఎవరిది తప్పు అన్న విచారణ ఆ మాటలో లేదు. కనుక ఈ వారం రోగుల దర్శనం ఇంకొకరికి అప్పగించి నీ అన్న ఇంటికి వెళ్లు. ఉత్తరం పంపవద్దు, మధ్యవర్తిని తీసుకువెళ్లవద్దు, పాత సంగతులు నీ అంతట నీవు ఎత్తవద్దు. ఆయన ఎత్తితే అడ్డు చెప్పకుండా చివరిదాకా విను. మాట్లాడకపోతే పిల్లలను పలకరించి వచ్చేయి, వచ్చే నెల మళ్లీ వెళ్లు. వెళ్లి వచ్చాక నాకు రాయి.

ప్రార్థనలతో,
నీ పెదనాన్న