మ్యూజిక్ వీడియోకు ముందు తెరవాల్సింది కెమెరా కాదు, టైమ్‌లైన్

క్లాసు ప్రాజెక్టు కింద మ్యూజిక్ వీడియో తీయాలి, చేతిలో రెండు మూడు ఫోన్లు, ఒక మామూలు ల్యాప్‌టాప్ ఉన్నాయి, ప్లానింగ్ నుంచి ఎడిటింగ్ దాకా ఏ యాప్‌లు వాడాలి అని అడిగారు. చదువుకునే రోజుల్లో ఇలాంటివి కొన్ని చేశాను. ఆ తర్వాత జూనియర్ల టీముల పక్కన కూర్చుని ఎడిటింగ్ చేయించాను కూడా. నన్నడిగితే ఏ యాప్ వాడారన్నదాని కన్నా, వాటిని ఏ వరసలో తెరిచారన్నదే ముఖ్యం. చాలామంది కెమెరా యాప్‌తో మొదలుపెట్టి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దగ్గర ముగిస్తారు. మీరు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తోనే మొదలుపెట్టండి, అదీ షూటింగుకు ముందే.

షార్ట్ ఫిల్మ్ అయితే సీను ఎంతసేపు ఉండాలో ఎడిటింగులో తేల్చుకోవచ్చు. మ్యూజిక్ వీడియోలో ఆ వీలు లేదు. పల్లవి ఎప్పుడొస్తుంది, చరణం ఎంతసేపు, మధ్యలో వాయిద్యాల బిట్ ఎన్ని సెకన్లు, ఇవన్నీ పాట రికార్డయిన రోజే ఖాయమైపోయాయి. అంటే సగం ఎడిటింగ్ మీ చేతికి తయారుగా వచ్చినట్టే. దాన్ని చూసుకోకుండా లొకేషన్‌కు వెళ్తే అందమైన షాట్లు బోలెడు వస్తాయి. రెండో చరణంలో వేయడానికి మాత్రం ఒక్కటీ ఉండదు.

పాట ఎంపిక దగ్గర ఒక హెచ్చరిక. క్లాసులో చూపించడం వేరు, నెట్‌లో పెట్టడం వేరు. ఏ పాటకైనా రెండు హక్కులుంటాయి: పాట రాసి, బాణీ కట్టినవాళ్లది ఒకటి, ఆ రికార్డింగ్ ఎవరిదో వాళ్లది ఇంకొకటి. స్నేహితుల బ్యాండ్ పాటైనా సరే, ఇద్దరి దగ్గరా ఒప్పుకుంటున్నట్టు ఒక ఈమెయిల్ తీసుకోండి. కొన్ని షరతులతో అందరూ వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు పాట అయితే లైసెన్సు పేరులో 'ఎన్‌డీ' ఉందేమో చూడండి. ఉంటే, దాన్ని మార్చి పదిమందితో పంచుకునే అనుమతి లేదన్నమాట. పాటకు దృశ్యాలను జతకలపడాన్ని కూడా ఆ లైసెన్సులు మార్పు కిందే లెక్కేస్తాయి. కాబట్టి పాటలో ఒక్క స్వరం ముట్టుకోకపోయినా ఎన్‌డీ పాటకు మ్యూజిక్ వీడియో తీసి నెట్‌లో పెట్టకూడదు. ఉచితంగా డౌన్‌లోడ్ అయింది కదా అని చాలామంది ఇక్కడే పొరబడతారు.

పాట ఖాయమయ్యాక దాని వేవ్ ఫైల్, అంటే కుదించని ఆడియో, సంపాదించండి. మెసేజ్‌లో వచ్చిన ఎంపీ3 చాలదు. దాన్ని ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. అది ఉచితమే. పాట నడుస్తుండగా కంట్రోల్, ఎం కలిపి నొక్కితే ఆ క్షణం దగ్గర ఒక లేబుల్ పడుతుంది. పల్లవి మొదలు, డ్రమ్స్ వచ్చిన చోటు, గొంతు ఆగిన చోటు, ఇలా వింటూ గుర్తులు పెట్టుకుంటూ పోండి. చివర్లో లేబుళ్లను ఎక్స్‌పోర్ట్ చేస్తే ఒక టెక్స్ట్ ఫైల్ వస్తుంది. అందులో మూడు కాలమ్‌లుంటాయి: మొదలైన సెకను, ముగిసిన సెకను, మీరు పెట్టిన పేరు. దాన్ని యథాతథంగా గూగుల్ షీట్స్‌లో పేస్ట్ చేయండి. మీ షాట్ లిస్టుకు పునాది పడిపోయింది.

ఇప్పుడు టెంపో, అంటే పాట నడిచే వేగం, కనుక్కోండి. నిమిషానికి 120 బీట్ల పాట అయితే బీటుకు అర సెకను, నాలుగు బీట్ల బార్‌కు 2 సెకన్లు. సెకనుకు 24 ఫ్రేముల వీడియోలో బీటుకు 12 ఫ్రేములు వస్తాయి. 90 బీట్ల పాటకు 16 ఫ్రేములు. ఈ లెక్క వల్ల లాభమేంటంటే, పని ఎంత పెద్దదో ముందే తెలిసిపోతుంది. 120 బీట్ల పాట నాలుగు నిమిషాలుంటే, బార్‌కొక కట్ చొప్పున 120 షాట్లు కావాలి. ఒక్క రోజులో అన్ని తీయలేమని అప్పుడు అందరికీ అర్థమవుతుంది. నా మటుకు నాకు, ప్రతి బీటుకూ కట్ చేసే వీడియోలు నిమిషంలోపే విసుగనిపిస్తాయి. చరణంలో పొడుగు షాట్లు వేసి, పల్లవి దగ్గర కట్లు పెంచితే ఊపు దానంతటదే వస్తుంది, షాట్లూ తగ్గుతాయి.

ఇక అసలు పని యానిమాటిక్. పేరు పెద్దదే గానీ పని చిన్నదే. ప్రతి షాట్‌కూ కాగితం మీద ఒక బొమ్మ గీసి, ఫోన్‌తో ఫొటో తీసి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాట పరిచిన టైమ్‌లైన్ (క్లిప్పులను వరసగా పేర్చే పట్టీ) మీద దాని చోట్లో పెట్టడమే. బొమ్మలు రాకపోతే గీతల మనుషులు చాలు. మనిషి ఫ్రేములో ఎంత పెద్దగా ఉన్నాడు, ఎటు చూస్తున్నాడు అన్నది తెలిస్తే సరిపోతుంది. ఏఐ బొమ్మల జోలికి పోవద్దని నా సలహా. అవి చూడ్డానికి బాగుంటాయి, కానీ మీ ఫోన్ కెమెరాతో రాని లైటింగూ, మీకు దొరకని లొకేషనూ చూపించి టీమును ఊరిస్తాయి.

దీని విలువ ఒక జూనియర్ల టీము దగ్గర బాగా తెలిసింది. విడిపోయిన ఇద్దరు స్నేహితుల కథ వాళ్లది. షీట్‌లో చూస్తే నిండుగా ఉంది, ప్రతి గడిలోనూ ఏదో ఒకటి రాసుంది. యానిమాటిక్ ప్లే చేశాక రెండో చరణం మొత్తం 'అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుంది' అన్న ఒకే బొమ్మ మీద నడిచింది. నలభై సెకన్ల పాటు ఆ గీతల మనిషి అలా కూర్చునే ఉంది. గదిలో ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. ఆ సాయంత్రమే రెండో స్నేహితురాలి వైపు కథను ఆ చరణంలోకి తెచ్చారు. అదే సంగతి షూటింగ్ అయిపోయాక బయటపడి ఉంటే, అందరి డేట్లూ మళ్లీ కుదర్చడం వాళ్ల తరం అయ్యేది కాదు.

యానిమాటిక్ ఖాయమయ్యాక షీట్‌లో షాట్ నంబరు, పాటలో టైము, లొకేషన్, డ్రెస్, ఎవరెవరు, లిప్ సింక్ (పాటకు తగ్గట్టు పెదవులు కదపడం) ఉందా లేదా, ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) అని కాలమ్‌లు పెట్టండి. పాట వరసలో రాసుకున్నదాన్ని ఒక్క నొక్కుతో లొకేషన్ వరసలోకి మార్చుకోవచ్చు. కాగితం బదులు షీట్ వాడేది అందుకే. ఒకే డ్రెస్‌లో ఒకే చోట తీయాల్సినవన్నీ పక్కపక్కకు వస్తాయి. షీట్‌ను మార్చే అధికారం ఒక్కరికే ఉంచి, మిగతావాళ్లకు చూసే వీలు మాత్రం ఇవ్వండి.

కెమెరా సెట్టింగుల్లోకి వస్తే, ముందు ఒక్క ఫ్రేమ్ రేట్ తేల్చుకుని అన్ని ఫోన్లలోనూ అదే పెట్టండి. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి క్లిప్పులు దించుకున్నాక టైమ్‌లైన్ ఫ్రేమ్ రేట్ మార్చనివ్వదు. ఫోన్లతో ఇంకో చిక్కుంది. మామూలు కెమెరా యాప్‌లు చాలాసార్లు ఫ్రేమ్ రేట్‌ను నిలకడగా ఉంచవు, వెలుతురును బట్టి అటూ ఇటూ అవుతుంది. అప్పుడు షాట్ మొదట్లో సరిగ్గా ఉన్న పెదవులు చివరికొచ్చేసరికి పాటను తప్పుతాయి. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం. అందులో ఫ్రేమ్ రేట్, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం), ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే తీరు), వైట్ బ్యాలెన్స్ (రంగుల తీరు) అన్నీ మీరే బిగించుకోవచ్చు. మీ ఫోన్‌లో అది పనిచేయకపోతే, తీసిన ఫైళ్లను వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో 'కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్' ఎంచుకుని మార్చి, ఆ తర్వాతే ఎడిటింగులోకి తీసుకెళ్లండి. హెచ్‌డీఆర్ ఆపేయండి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట ట్యూబ్‌లైట్ల కింద షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే గీతలు మెరవవు. 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120.

4కె కావాలా అంటే, ల్యాప్‌టాప్‌ను బట్టి. ఐఫోన్ హై ఎఫిషియెన్సీ మోడ్‌లో 30 ఫ్రేముల 1080పి నిమిషానికి సుమారు 60 ఎంబీ, 4కె సుమారు 170 ఎంబీ తింటుంది. ఒకే యాంగిల్లో తీసి, ఎడిటింగులో దగ్గరికి లాగి క్లోజప్‌గా వాడుకోవాలనుకున్న షాట్లకు 4కె పనికొస్తుంది. మిగతావాటికి 1080పి చాలు.

లిప్ సింక్ షాట్లకు ఆడాసిటీలోనే ప్లేబ్యాక్ ఫైళ్లు తయారుచేసుకోండి. ప్రతి ముక్కకూ ముందు మూడు బీప్‌లు పెట్టండి. లేకపోతే పాడేవాళ్లు మొదటి పదం ఎప్పుడూ ఆలస్యంగానే అందుకుంటారు. ఫోన్ మైకును ఆపవద్దు. ఆ గోల ఆడియో ఫైనల్లో వాడం గానీ, సింక్ చేయడానికి అదే ఆధారం. స్పీకర్ పాడే మనిషికి దగ్గర్లో ఉండాలి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లే వెళ్తుంది కాబట్టి 14 మీటర్ల దూరానికి 24 ఫ్రేముల వీడియోలో సుమారు ఒక ఫ్రేమ్ వెనకబడుతుంది. దూరం నుంచి తీసిన వైడ్ షాట్‌లో సింక్ కాస్త తేడాగా అనిపిస్తే ఒకటి రెండు ఫ్రేములు జరిపి చూడండి. ఇంకో మాట, పెదవులు ఊరికే కదపడం కాదు, గట్టిగా పాడమనండి. మెడ నరాలు, ఊపిరి అన్నీ కెమెరాకు తెలిసిపోతాయి. సిగ్గుపడేవాళ్లకు టీమంతా కలిసి పాడితే టెన్షన్ పోతుంది.

పెదవులు పాటతో సరిగ్గా కలుస్తూ, జుట్టూ బట్టలూ మాత్రం నీళ్లలో తేలుతున్నట్టు కదిలే షాట్లు చూసే ఉంటారు. అది పెద్ద విద్యేమీ కాదు. పాటను రెట్టింపు వేగంతో వాయించి, 60 ఫ్రేముల్లో తీసి, 30 ఫ్రేముల టైమ్‌లైన్‌లో సగం వేగానికి తగ్గించడమే. ఆడాసిటీలో 'ఛేంజ్ టెంపో' వాడితే శ్రుతి మారకుండా వేగం ఒక్కటే పెరుగుతుంది, పాడేవాళ్లకు సులువు. మీ టైమ్‌లైన్ 24 అయితే 48 ఫ్రేముల్లో తీయాలి. 60లో తీస్తే పాటను రెండున్నర రెట్ల వేగంతో వాయించాల్సి వస్తుంది, దానికి నోరు తిరగడం కష్టం. మాటలు తక్కువున్న లైను చూసుకుని చేయండి.

షూటింగ్ అయ్యాక ఫైళ్లను వాట్సాప్‌లో మామూలు వీడియోలుగా పంపుకోవద్దు, కుదించేస్తుంది. కేబుల్‌తోనో, డ్రైవ్‌లోనో తీసుకుని, రెండు చోట్ల కాపీ అయ్యాకే ఫోన్‌లోంచి తీసేయండి. ఎడిటింగ్ మొదలయ్యాక ఫోల్డర్ల పేర్లు మార్చకండి.

ఎడిటింగుకు రిజాల్వ్ ఉచిత వెర్షన్ ధారాళంగా సరిపోతుంది. ల్యాప్‌టాప్ మొరాయిస్తే కెడెన్‌లైవ్ చూడండి. రెండింటిలోనూ ఆడియోను బట్టి సింక్ చేసే ఆప్షన్, ప్రాక్సీలు (ఎడిటింగ్ సాఫీగా సాగడానికి వాడే తేలికపాటి కాపీలు) చేసుకునే వీలు ఉన్నాయి. యానిమాటిక్ చేసిన టైమ్‌లైన్‌నే తెరిచి, ఒక్కో బొమ్మ మీద దాని షాట్ పెట్టుకుంటూ వెళ్లండి. లిప్ సింక్ టేకులన్నీ పాటకు కలిపి ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటే ఏ లైనుకు ఏది బాగుందో ఇట్టే తెలుస్తుంది. ఇంకా బొమ్మ కనిపిస్తున్న చోటల్లా షాట్ బాకీ ఉన్నట్టు. ఫోన్ ఆడియో మొత్తం మ్యూట్ చేసి వేవ్ ఫైల్ ఒక్కటే ఉంచండి. కలర్ విషయంలో అన్ని షాట్లూ ఒకదానితో ఒకటి కలిసేలా చూస్తే చాలు, ఫిల్టర్ల మీద గంటలు పోయకండి.

టైటిల్స్ తెలుగులో వేస్తే ఒత్తులు, గుణింతాలు ఒకసారి చూసుకోండి. కొన్ని ఎడిటింగ్ యాప్‌లు వాటిని విడగొట్టి చూపిస్తాయి. అలా అయితే ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో టైటిల్ చేసి, వెనక రంగు లేని పీఎన్‌జీగా తెచ్చుకోండి.

ఎక్స్‌పోర్ట్‌కు హెచ్.264 ఎంపీ4. 30 ఫ్రేముల లోపు 1080పి వీడియోకు యూట్యూబ్ 8 ఎంబీపీఎస్ సూచిస్తుంది. గడువుకు కొన్ని రోజుల ముందే అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్లే చూసేలా) అప్‌లోడ్ చేసి చూడండి. పాట మీద ఎవరిదైనా కాపీరైట్ క్లెయిమ్ వస్తే, అనుమతి ఈమెయిల్ చూపించుకోవడానికి టైము ఉంటుంది.