ట్రెయిలర్ కట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నార్త్ కరోలినాలోని రాలీలో కొత్త ఇంటి వెనక పెరడు చదును చేస్తున్నావనీ, మట్టి తేవడానికీ కొట్టిన కొమ్మలు పారబోయడానికీ వారం వారం ట్రెయిలర్ అద్దెకు తెచ్చుకోవడం విసుగనిపించి, నీ పికప్ ట్రక్కు వెనక తగిలించుకునే ఆ తొట్టిబండిని సొంతంగా ఒకటి కట్టుకోవాలనుకుంటున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. డాలస్‌లో మా గరాజులో నేను ఇప్పటికి మూడు కట్టాను. అందులో మొదటిది నన్ను చంపినంత పని చేసింది కనుక, నువ్వు ఇనుము కొనకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను. డబ్బు మిగులుతుందన్న ఆశ ఉంటే ముందే వదిలేసుకో. కొత్త ఇరుసు, చక్రాలు, ఇనుము, చెక్క, దీపాలు అన్నీ కొని లెక్క చూసుకుంటే, దుకాణంలో అమ్మే ట్రెయిలర్‌కూ దీనికీ పెద్ద తేడా కనిపించదు. నీ పనికి తగిన కొలతల్లో, నువ్వే ప్రతి అతుకూ ఎరిగిన బండి కావాలనుకుంటేనే మొదలుపెట్టు.

ముందు బరువు సంగతి తేల్చుకోవాలి. ఐదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు తొట్టి నీకు సరిపోతుంది. దానికి 3,500 పౌండ్లు మోసే ఇరుసు వేస్తారు. ఆ 3,500లో ట్రెయిలర్ సొంత బరువు కూడా కలిసే ఉంటుంది. చెక్కతో కలిపి అది సుమారు 700 పౌండ్లు తూగుతుందనుకుంటే, నువ్వు ఎక్కించగలిగింది 2,800 పౌండ్లకు మించదు. ఇప్పుడు మట్టి లెక్క చూడు. ఒక క్యూబిక్ యార్డు, అంటే మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గుట్ట, మామూలు మట్టి 2,000 పౌండ్ల పైనే ఉంటుంది, వానకు తడిస్తే ఇంకా ఎక్కువ. రెండడుగుల పక్క చెక్కలు పెట్టిన నీ తొట్టిలో దాదాపు మూడు యార్డులు పడుతుంది. అంటే చూడటానికి చోటు ఎంతో మిగిలి ఉన్నట్టే ఉంటుంది గానీ, ఇరుసు ఓర్చుకునేది ఒక్క యార్డునే. ఆ ఒక్క యార్డు నీ తొట్టిలో పరిస్తే ఎనిమిది అంగుళాల ఎత్తుకు వస్తుంది. అందుకే మా ట్రెయిలర్ పక్క చెక్కల లోపలివైపు, అడుగు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తున చుట్టూ తెల్ల రంగు గీత గీశాను. మట్టి అమ్మే చోట లోడరు నడిపేవాడికి ఆ గీత చూపించి, దానికి మించి ఒక్క పార కూడా వద్దంటాను. నవ్వేవాళ్లు నవ్వుతారు. కొమ్మలూ, మొక్కల మొదట్లో పరిచే చెక్క పొట్టూ తెచ్చిన రోజున ఆ గీతతో పని లేదు, అవి తేలిక.

అసలు కిటుకంతా ఇరుసును ఎక్కడ పెట్టాలన్న దానిలో ఉంది. మీ తాతగారు ధాన్యం బస్తాలు బండికెత్తించాక, ఎడ్లను కట్టే ముందు నొగల దగ్గరకు వచ్చి కాడిని ఒంటి చేత్తో మోకాలెత్తుకు లేపి చూసేవారు. మరీ తేలిగ్గా లేచిందంటే బరువు వెనక్కు మొగ్గిందని అర్థం, కాడి పైకి లేచి పలుపులు ఎడ్ల గొంతుకు బిగుస్తాయి. లేవనని మొరాయించిందంటే బరువంతా వాటి మెడ మీద పడుతుంది. అప్పుడు ఒక బస్తా ముందుకో వెనక్కో జరిపించి, మళ్లీ లేపి చూసేవారు. ట్రెయిలర్‌కైనా పరీక్ష అదే. మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 పాళ్లు నొగ మీద, అంటే ట్రెయిలర్‌ను తగిలించడానికి ట్రక్కు వెనక ఉండే ఇనుప గుండు, బాల్ మీద పడాలి.

మొదటి ట్రెయిలర్ కట్టినప్పుడు నాకు ఈ ఇంగితం లేకపోయింది. ఇరుసును తొట్టికి సరిగ్గా నడిమధ్యన వెల్డింగ్ చేసి, పైగా చాలా పొందికగా కుదిరిందని మురిసిపోయాను. ఒకనాడు బాత్రూముకు వేయించే టైల్స్ పెట్టెలు దించుకోవడానికి వీలుగా ఉంటాయని వెనక అంచున పేర్చి హైవే ఎక్కాను. అరవై మైళ్ల వేగం దాటాక అద్దంలో ట్రెయిలర్ ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి తల ఊపింది. చూస్తుండగానే ఆ ఊపు పెరిగి, ట్రక్కు వెనక భాగాన్ని కూడా తనతో లాగసాగింది. నా కాలు బ్రేకు మీదికే వెళ్లింది గానీ, ఏ దేవుడు ఆపాడో, బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటరు మీది కాలు మాత్రం తీసేసి, స్టీరింగును తిన్నగా పట్టుకుని కూర్చున్నాను. నలభైకి దిగేసరికి అది ఊగడం ఆపింది. పక్కకు ఆపి, టైల్స్ పెట్టెలన్నీ ఒక్కొక్కటే ముందుకు మోసుకుంటుంటే చేతులు వణికాయి. నీకూ అలాంటిది ఎదురైతే చేయవలసింది అంతే: వేగం దానంతట అది తగ్గనివ్వాలి, ఊపుకు ఎదురుగా స్టీరింగు తిప్పకూడదు.

నీ కొలతలకు ఇరుసు స్థానం ఇలా లెక్కకట్టు. ఎనిమిదడుగుల తొట్టికి మధ్య గీత ముందు అంచు నుంచి 48 అంగుళాల దగ్గర వస్తుంది. ఇరుసును 58 అంగుళాల దగ్గర, అంటే మధ్యకు పది అంగుళాలు వెనకగా ఉంచు. తొట్టి ముందు అంచు నుంచి బాల్ వరకు నొగను నాలుగడుగులు ఉంచితే, సమంగా పరచిన ప్రతి వెయ్యి పౌండ్లలో సుమారు 94 పౌండ్లు బాల్ మీద పడతాయి. నొగ ఇనుము సొంత బరువు కూడా తోడై నూటికి పది దాటుతుంది. నొగ పొట్టిగా ఉంటే ఇనుము కలిసివస్తుంది గానీ, రివర్సులో ట్రెయిలర్ ఉన్నపళంగా మెలిక తిరుగుతుంది. కొత్తవాడివి గనుక నాలుగడుగుల కంటే తగ్గించకు.

చట్రానికి రెండంగుళాలకు రెండంగుళాల కొలత, అంగుళంలో పదహారింట మూడు వంతుల మందం ఉన్న యాంగ్లర్లు, అంటే L ఆకారపు ఇనుప కమ్మీలు తీసుకో. నొగకు మాత్రం రెండంగుళాలకు మూడంగుళాల దీర్ఘచతురస్రపు ట్యూబు వాడు. రెండు ట్యూబుల్నీ ముందు మొనలో కలిపి, వెనక చట్రం కింద కనీసం రెండో అడ్డ కమ్మీ వరకు పోనివ్వు, ఎందుకంటే ముందు అంచు దగ్గరే ఆపేస్తే చట్రం అక్కడే విరుగుతుంది. పాత గేటు ముక్కలు ఊరికే వచ్చాయని జింకు పూత ఉన్న ఇనుము మీద వెల్డింగ్ చేయకు. ఆ పొగ పీలిస్తే ఆ రాత్రే చలిజ్వరం వస్తుంది. అన్ని ముక్కల్నీ ముందు టాకులతో, అంటే చిన్న చుక్కల వెల్డింగ్‌తో నిలిపి, రెండు కర్ణాలనూ టేపుతో కొలిచి, అవి సమానమయ్యాకనే పూర్తి వెల్డింగ్‌కు దిగు. వేడికి చట్రం గుంజుకోకుండా ఒక మూల కొంచెం, దాని ఎదురు మూల కొంచెం చేసుకుంటూ పో. వెల్డింగ్‌లో నీ చేయి ఇంకా కుదురుకోలేదని విన్నాను. నొగ అతుకులూ, కమాన్లు పట్టే కొక్కేలూ మాత్రం డబ్బిచ్చి చేయి తిరిగినవాడితో వేయించు. ఇందులో నామోషీ ఏమీ లేదు.

పాత కార్ల ఇరుసు చవకగా దొరికినా ఆశపడకు. చట్రం వెడల్పు ఖాయమయ్యాక ఆ కొలత చెప్పి కొత్త ఇరుసు తెప్పించుకో. కమాన్ల మధ్య దూరం చట్రానికి సరిపోలాలి. ఇరుసు మధ్యలో కొద్దిపాటి వంపు ఉంటుంది, అది పైకి ఉండేలా బిగించాలి. టైర్లు 205/75 ఆర్15 కొలతలో, ట్రెయిలర్‌కని ప్రత్యేకంగా చేసినవే వెయ్యి. చాలా వాటి హద్దు గంటకు 65 మైళ్లు, ఆ సంగతి మరచిపోకు.

తొట్టి అడుగుకు, పుచ్చకుండా మందు పట్టించిన రెండారు చెక్కలు (పేరుకు రెండంగుళాల మందం, ఆరంగుళాల వెడల్పు) పదకొండు పడతాయి. అవి దుకాణం నుంచి తడిగా వస్తాయి, ఆరాక వాటంతటవే సందు ఇస్తాయి కనుక ఒకదానికొకటి ఆనించి బిగించు. ఆ మందులో రాగి ఉంటుంది, మామూలు బోల్టుల్ని తినేస్తుంది, అందుచేత గాల్వనైజ్డ్ బోల్టులే కొను.

దీపాల వైర్లలో తెలుపు గ్రౌండ్, గోధుమ రంగు వెనక దీపాలకు, పసుపు ఎడమ సిగ్నల్‌కు, ఆకుపచ్చ కుడి సిగ్నల్‌కు. దీపాలు మినుకుమినుకుమంటే పది సార్లలో తొమ్మిది సార్లు తప్పు తెల్ల వైరుదే. రంగు గీకి మెరిసే ఇనుము మీద దాన్ని బిగించాలి. మడ్‌గార్డులతో కలిపి మొత్తం వెడల్పు 80 అంగుళాలకు చేరితే, వెనక మధ్యలో మూడు ఎర్ర దీపాలూ, అంచు దీపాలూ కూడా అమెరికా చట్టం అడుగుతుంది. నీ కొలతలకు అది చేరేటట్టే ఉంది. బ్రేకుల విషయం ఒక్కో రాష్ట్రానికి ఒక్కో తీరు, నీ రాష్ట్రపు నియమం ఇరుసు తెప్పించకముందే కనుక్కో. సొంతంగా కట్టిన బండికి నంబరు ఇచ్చేటప్పుడు రుజువులు అడుగుతారు, ఇనుము బిల్లు నుంచి ఇరుసు బిల్లు వరకు అన్నీ దాచి ఉంచు. గొలుసులు రెండూ నొగ కింద ఒకదాని మీదొకటి అడ్డంగా వెళ్లేలా తగిలించు. బాల్‌ను పట్టుకునే నొగ కొస, కప్లర్, ఊడినా నొగ నేలకు గుచ్చుకోకుండా వాటి మీద ఆగుతుంది. మొదటి యాభై మైళ్ల తరువాత ఆగి చక్రాల నట్లు మళ్లీ బిగించు.

ఇక తూకం. ట్రెయిలర్‌ను చదునైన నేల మీద సమంగా నిలిపి, మీ బాత్రూములోని తూకం యంత్రం ఒక పక్కన, అదే ఎత్తు దిమ్మె మీద ఒక పైపు ముక్క మరో పక్కన, వాటి మధ్య మూడడుగుల ఎడం ఉండేలా పెట్టు. రెండింటి మీదుగా ఒక బలమైన కొయ్య పరచి, పైపుకు ఒక అడుగు దూరంలో నొగను దాని మీద ఆనించు. యంత్రం చూపిన అంకెను మూడుతో హెచ్చవేస్తే నొగ బరువు వస్తుంది. చక్రాలు జరగకుండా చెక్క అడ్డు పెట్టడం మరువకు. కమాన్ల కొక్కేలను టాకులతో మాత్రమే నిలిపి ఉంచి, ఖాళీ తొట్టితో ఒకసారి ఇలా తూచి, ఆ అంకె నాకు పంపు. నేను చూసి సరేనన్నాకనే పూర్తి వెల్డింగ్‌కు మనిషిని పిలు.

అమ్మకు మా అందరి నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మామయ్య